అమ్మ తలుపు తీసిన రోజు

దసరా వెళ్లిన మరుసటి వారం, 2022 అక్టోబర్, బుధవారం. ఉదయం పదిన్నర కావస్తోంది. నేను మేరీలాండ్‌లో, రాక్‌విల్‌లోని ఆఫీసులో మీటింగ్‌లో ఉన్నాను. మా ఇల్లు వర్జీనియాలో, ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలోని హెర్న్‌డన్‌లో. మధ్యలో పొటోమాక్ నది. ట్రాఫిక్ లేకపోతే ముప్పావు గంట ప్రయాణం. అమ్మ దగ్గర నుంచి వాట్సాప్ కాల్ వచ్చింది. ఆఫీసు వేళలో అమ్మ ఎప్పుడూ ఫోన్ చేయదు. గబగబా బయటికి వచ్చి ఎత్తాను.

“అమ్మాయీ, పనిలో ఉన్నావా? ఏం లేదులే, మీ నాన్నగారికి ఒళ్లంతా ఒకటే చెమటలు. గుండెల్లో మంటంటే మజ్జిగ ఇచ్చాను. ఇప్పుడేమో ఎడమ చెయ్యి లాగుతోందంటున్నారు.”

“ఎప్పటినుంచమ్మా?”

“తొమ్మిదిన్నర నుంచి. నీకు మీటింగ్ ఉందన్నావు కదా, అయ్యాక చేద్దామని ఆగాం.”

దాదాపు గంట. నాన్నకి అప్పుడు 68 ఏళ్లు. బీపీ, షుగరు రెండూ ఉన్నాయి. తెనాలి నుంచి వచ్చి నాలుగు నెలలైంది. మా ఆయన ఆ పొద్దున ఊరికి వెళ్తూ విమానంలో ఉన్నాడు, బాబు బడిలో ఉన్నాడు. ఇంట్లో వాళ్లిద్దరే.

అమ్మ లైన్ కట్ చేయకుండా, పక్కనే ఉన్న సహోద్యోగి ఫోన్ లాక్కున్నట్టే తీసుకుని 911 కొట్టాను. “మీ ఎమర్జెన్సీ ఎక్కడ, అడ్రస్ చెప్పండి” అన్నారు. ఇంటి నంబరు, వీధి, హెర్న్‌డన్, వర్జీనియా అని చెప్పాను. అవతల ఒక్క క్షణం నిశ్శబ్దం. “మేడమ్, మీరు మాంట్‌గమరీ కౌంటీ 911తో మాట్లాడుతున్నారు. ఫెయిర్‌ఫాక్స్ కౌంటీకి కలుపుతాను, లైన్‌లోనే ఉండండి.”

ఆ క్షణానికి కాళ్ల కింద నేల కదిలినట్టయింది. 911 అంటే దేశమంతటికీ ఎక్కడో ఒకే ఆఫీసు ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు గానీ, అసలు ఆ సంగతి ఆలోచించనే లేదు. పదమూడేళ్లుగా ఇక్కడ ఉంటున్నాను. ఏ ఫోన్ నుంచి కొడితే, ఆ ఫోన్ ఉన్న చోటును బట్టి అక్కడి కౌంటీ సెంటర్‌కి వెళ్తుంది. నేను ఉన్నది మేరీలాండ్‌లో. ఆపదలో ఉన్న మనిషి ఉన్నది వర్జీనియాలో. మాంట్‌గమరీ ఆవిడ ఫెయిర్‌ఫాక్స్ వాళ్లు ఎత్తేదాకా లైన్ వదలలేదు. పట్టింది అర నిమిషం లోపే. ఆ అర నిమిషం ఎంత పొడుగో నాకు తెలుసు.

ఫెయిర్‌ఫాక్స్‌లో ఎత్తినాయన కూడా ముందు అడ్రసే అడిగాడు. మళ్లీ చెప్పాను. టౌన్‌హౌసా, అపార్ట్‌మెంటా? ఆయన వయసెంత? మెలకువగా ఉన్నారా? మాట్లాడుతున్నారా? ఊపిరి మామూలుగా తీస్తున్నారా? ఒళ్లు చల్లబడిందా, రంగు మారిందా? ఇంతకుముందు గుండె జబ్బు ఉందా? ఒక చెవికి అమ్మ, ఇంకో చెవికి ఆయన. ఆయన ప్రశ్నని తెలుగులో అమ్మకి, అమ్మ జవాబుని ఇంగ్లిష్‌లో ఆయనకి. నాలుగో ప్రశ్నకి నాకు ఓపిక నశించింది. “ఈ ప్రశ్నలు తర్వాత, ముందు ఎవరినైనా పంపండి!” అని అరిచాను. ఆయన గొంతు ఏమాత్రం మారలేదు. “వాళ్లు బయల్దేరారు మేడమ్. నేను అడిగేది దారిలో ఉన్నవాళ్ల కోసం.”

తర్వాత ఆయన చెప్పింది ఇది. ముందు తలుపు గడియ తీసి ఉంచమనండి. బయట లైట్ వేయమనండి. ఆయన వేసుకునే మందులన్నీ ఒక చోట పెట్టమనండి. ఆయన్ని నడవనివ్వద్దు.

“అమ్మా, వెళ్లి వీధి తలుపు తీసెయ్.”

“తీయనా?”

“తియ్యి.”

“నువ్వే కదా ఎవరొచ్చినా తీయొద్దన్నావు. తీయనా అమ్మాయీ?”

మూడుసార్లు అడిగింది. ఆ మాట ఇప్పటికీ నన్ను కోస్తూనే ఉంటుంది. వాళ్లు వచ్చిన మొదటి రోజే నేను అప్పజెప్పిన జాగ్రత్తల చిట్టా అది. తలుపు తీయొద్దు, ఎవరితోనూ మాట్లాడొద్దు, ఇంటి ఫోన్ ముట్టుకోవద్దు, పొరపాటున 911 నొక్కితే పోలీసులొస్తారు, ఇక్కడ అంబులెన్స్ ఎక్కితే ఆస్తులు అమ్ముకోవాలి. వాళ్లని కాపాడుకుంటున్నాననుకుని భయపెట్టాను. తెనాలిలో ఉంటే అమ్మ ఎవరినీ అడిగేది కాదు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 మా ఊళ్లకి వచ్చాక, పక్కింటి పెద్దాయన పడిపోతే ఫోన్ కొట్టింది అమ్మే. “అక్కడైతే రామాలయం పక్కన అంటే వచ్చేస్తారు. ఇక్కడ ఏమని చెప్పాలో, ఎవరికి చెప్పాలో నాకేం తెలుసు?” అంది తర్వాత. నిజమే. నాలుగు నెలలుగా ఉంటున్న ఇంటి నంబరు అమ్మకి తెలియదు. నేను చెప్పలేదు.

ఏడో నిమిషానికి అమ్మ ఫోన్‌లో సైరన్ వినపడింది. అమ్మ కంగారుగా, “ఫైరింజన్ వచ్చిందే! మనింట్లో మంటలేం లేవని చెప్పు” అంది. నాకూ అర్థం కాలేదు. అంబులెన్స్ అడిగితే ఫైరింజన్ ఎందుకు? కానీ దాంట్లోంచి దిగిన నలుగురిలో ఒకరు పారామెడిక్. ఇంజన్ వచ్చిన రెండు నిమిషాలకి మెడిక్ బండి వచ్చింది, అందులో ఇద్దరు.

ఇంజన్ వాళ్లు మా గుమ్మం దాటి రెండిళ్లు ముందుకెళ్లి ఆగారట. కారణం మా దసరా తోరణం. ప్లాస్టిక్ మామిడాకులు, బంతిపూల దండ కలిపి తలుపు పైన కట్టాను. ఇంటి నంబరు సరిగ్గా దాని వెనక పడిపోయింది. అమ్మ గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపకపోతే ఇంకో అర నిమిషం పోయేది. ఆ సాయంత్రం ఆసుపత్రి నుంచి వచ్చాక నేను చేసిన మొదటి పని కుర్చీ వేసుకుని ఆ తోరణం తీసి, పక్కకి జరిపి కట్టడం.

లోపల జరిగింది అమ్మ చెప్పగా తెలిసిందే. నాన్న మేడ మీద పడకగదిలో ఉన్నారు. బూట్లతో గబగబా మెట్లెక్కారు. మెట్ల పక్కన పూజ గూడు ఉంటే, ఒకబ్బాయి దాన్ని తగలకుండా సంచీ పైకెత్తి పట్టుకుని దాటాడని అమ్మ ఇప్పటికీ చెప్తుంది. నాన్న చొక్కా గుండీలు విప్పి తీగలు అంటించి ఈసీజీ తీశారు. నమలమని నాలుగు చిన్న ఆస్పిరిన్ మాత్రలు ఇచ్చారు. మందులు అడిగితే అమ్మ తెనాలి మెడికల్ షాపు ప్లాస్టిక్ కవరు తెచ్చి మంచం మీద గుమ్మరించింది. సగం వాడిన స్ట్రిప్పులు, సగం చింపినవి. ఆ పేర్లు ఇక్కడ ఎవరికీ తెలియవు. పారామెడిక్ అమ్మాయి ఒక్కో స్ట్రిప్పూ తిప్పి, వెనక సన్నటి అక్షరాల్లో ఉన్న మందు పేరు చదువుకుంది. టెల్మిసార్టాన్, మెట్‌ఫార్మిన్. కంపెనీ పేరు ఏదైనా లోపలి మందు పేరు చాలావరకు ఏ దేశంలోనైనా అదే. మీ అమ్మానాన్నల స్ట్రిప్పుల్లో ఆ పేరున్న ముక్కని చింపి పారేయనివ్వకండి.

టౌన్‌హౌస్ మెట్లు ఇరుకు. నాన్న డెబ్బై ఎనిమిది కేజీలు. ఆయన్ని ఒక మడత కుర్చీలో కూర్చోబెట్టి, బెల్టులు కట్టి, ముందు ఇద్దరు, వెనక ఇద్దరు పట్టి కిందికి దించారు. ఫైరింజన్ ఎందుకొచ్చిందో అమ్మకి నాకన్నా ముందే అర్థమైంది. “ఇద్దరొస్తే ఎలా దించేవాళ్లే?” అంది.

బండిలోంచే ఈసీజీ ఆసుపత్రికి వెళ్లింది. పెద్ద రక్తనాళం పూడుకుపోయిన రకం గుండెపోటు అని, బండి చేరేసరికే గుండె నాళాల్లో పూడిక తెరిచే క్యాథ్ ల్యాబ్ వాళ్లు సిద్ధంగా ఉన్నారు. నా సహోద్యోగి నన్ను కారులో ఎక్కించుకుని అమెరికన్ లీజియన్ వంతెన దాటించి తీసుకొచ్చేసరికి స్టెంట్ వేయడం అయిపోయింది. అమ్మ బయట కుర్చీలో, చేతిలో ఖాళీ మందుల కవరు మడతపెట్టి పట్టుకుని కూర్చుని ఉంది.

నాన్న కోలుకున్నారు. కానీ ఆ రోజు మాకు దక్కింది అదృష్టమని, నేను చేయాల్సినవి ఏవీ చేయలేదని నాకు తెలుసు. ఆ గిల్టీ ఫీలింగ్ పోలేదు. అందుకే మరుసటి సంవత్సరం, కౌంటీ వాళ్లు ప్రజల కోసం సాయంత్రాల్లో పెట్టే అకాడమీలకి పేరిచ్చాను. పోలీసులది ఒకటి, ఫైర్ వాళ్లది ఒకటి. ఫీజు లేదు. వారానికో సాయంత్రం వెళ్లి కూర్చుంటే ఈ వ్యవస్థ ఎలా నడుస్తుందో పనిచేసేవాళ్లే చెప్తారు, చూపిస్తారు. నా బ్యాచ్‌లో రిటైరైన టీచర్లు, కాలేజీ పిల్లలు, ఒక చర్చి పాస్టర్ ఉన్నారు. తెలుగువాళ్లలో నేనొక్కదాన్నే.

అన్నిటికన్నా నన్ను కదిలించింది 911 సెంటర్. ప్రభుత్వ కార్యాలయాల దగ్గర మెకానెల్ సెంటర్ అని పెద్ద భవనం. కౌంటీ 911, కౌంటీ ఎమర్జెన్సీ మేనేజ్‌మెంట్, రాష్ట్ర పోలీసుల కంట్రోల్, హైవేల ట్రాఫిక్ తెరలు అన్నీ అదే కప్పు కింద. ఒక్కొక్కరి ముందూ ఐదారు మానిటర్లు. వెలుతురు తక్కువ, గొంతులు తగ్గించి మాట్లాడతారు. హెడ్‌సెట్ పెట్టుకుని ఒక కాల్‌టేకర్ పక్కన గంటసేపు కూర్చోనిచ్చారు. విన్న కాల్స్ గురించి బయట చెప్పకూడదు, చెప్పను. కానీ ఆ రోజు నేను అరిచిన అరుపుకి జవాబు అక్కడ కళ్లారా చూశాను. ఫోన్ ఎత్తేవాళ్లు వేరు, బండ్లని పంపేవాళ్లు వేరు. కాల్‌టేకర్ అడ్రసూ, కష్టం ఏమిటో రెండు ముక్కలూ టైప్ చేయగానే అది డిస్పాచర్ తెర మీదికి వెళ్తుంది. అతను దగ్గరి స్టేషన్‌ని లేపుతాడు. కాల్‌టేకర్ మూడో ప్రశ్న అడిగేసరికి అక్కడ ఇంజన్ షట్టరు పైకి లేస్తోంది. మనం చెప్పే ప్రతి జవాబూ దారిలో ఉన్నవాళ్ల తెర మీద పడుతూ ఉంటుంది.

అడ్రస్ ముందు ఎందుకు అడుగుతారో కూడా అక్కడే తెలిసింది. లైన్ తెగిపోయినా అడ్రస్ ఉంటే మనిషిని చేరుకోవచ్చు. సెల్‌ఫోన్ ఎక్కడుందో తెర మీద సుమారుగానే కనబడుతుంది. మూడంతస్తుల అపార్ట్‌మెంట్‌లో ఏ తలుపో అది చెప్పదు. హెర్న్‌డన్‌లో మనవాళ్లు ఉండే కాంప్లెక్సుల్లో బిల్డింగ్ నంబరు వేరు, ఫ్లాట్ నంబరు వేరు. రెండూ చెప్పాలి.

నా దగ్గర దాచుకున్న ప్రశ్న అడిగేశాను. “ఇంగ్లిష్ రాని మా అమ్మ ఫోన్ చేస్తే?” సూపర్‌వైజర్ నవ్వి, “తెలుగు అనే ఒక్క మాట చెప్పమనండి చాలు” అంది. వాళ్లకి ఫోన్‌లో అనువాదకుల సర్వీసు ఉంది. భాష పేరు తెలిస్తే ఆ భాష మనిషిని మూడో లైన్‌లో కలుపుతారు. నాకు అప్పటిదాకా ఇంకో విషయం కూడా తెలియదు. ఇక్కడ సిమ్ లేని ఫోన్ అయినా, ప్లాన్ ముగిసిపోయిన ఫోన్ అయినా, అందే నెట్‌వర్క్ ఉంటే 911కి కాల్ వెళ్లాల్సిందే. అది ఫోన్ కంపెనీలని నియంత్రించే కేంద్ర సంస్థ ఎఫ్‌సీసీ నిబంధన. అలాంటి ఫోన్‌కి వాళ్లు తిరిగి చేయలేరు, అందుకని లైన్ తెగనివ్వకూడదు. వాట్సాప్ నుంచి మాత్రం 911 వెళ్లదు. ఆ రోజు అమ్మ చేతిలో ఉన్నది ఇండియా సిమ్ ఉన్న ఫోన్, వైఫై మీద వాట్సాప్ ఒక్కటే పనిచేసేది. అందుకని అది వాట్సాప్‌కే పనికొస్తుందని మా అందరి నమ్మకం. నాన్న ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన మర్నాడే పది డాలర్ల ప్లాన్ ఒకటి తీసుకున్నాను. ముందే తీసుకోవాల్సింది.

అలాగే, దూరాన ఉండి ఇంట్లోవాళ్ల కోసం పిలవాలంటే పది అంకెల నంబరు ఒకటుంది. ఫెయిర్‌ఫాక్స్‌కి 703-691-2131. అత్యవసరం కాని వాటికి వాడే నంబరు అది, ఎత్తేది అదే సెంటర్. వేరే రాష్ట్రంలో ఉన్నా నేరుగా అక్కడికే మోగుతుంది. మీరుండే కౌంటీకీ ఇలాంటిది ఉంటుంది. ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నవాళ్లందరూ ఆ నంబరు ఫోన్‌లో దాచుకోవాలి.

పొరపాటున 911 పడితే పెట్టేయకూడదు. “పొరపాటున తగిలింది” అని చెప్పాలి. పెట్టేస్తే వాళ్లు తిరిగి చేస్తారు, ఎత్తకపోతే ఒక్కోసారి మనిషిని పంపుతారు. ఇండియా కోడ్ 91 కొడుతూ వేలు జారి ఇంకో ఒకటి పడటం మన ఇళ్లలో మామూలే. తప్పు చేసినట్టు వణికిపోనక్కర్లేదు.

ఎవరి పరిధి ఏమిటన్నది పోలీసు అకాడమీలో తెలిసింది. మా ఉత్తరాల మీద హెర్న్‌డన్ అని ఉంటుంది కానీ, మా ఇల్లు హెర్న్‌డన్ టౌన్ హద్దుల్లో లేదు. అందుకని మాకు వచ్చేది కౌంటీ పోలీసులు. రెండు వీధుల అవతల మా స్నేహితురాలి ఇల్లు టౌన్‌లో ఉంది. ఆమెకి వచ్చేది హెర్న్‌డన్ టౌన్ పోలీసులు. ఫైర్ మాత్రం ఇద్దరికీ కౌంటీదే. ఫెయిర్‌ఫాక్స్ సిటీ అసలు కౌంటీలో భాగం కాదు, వర్జీనియాలో సిటీలు వేటికవే స్వతంత్రం. టోల్ రోడ్డు మీదా, 495 హైవే మీదా రాష్ట్ర పోలీసులు. ఇక్కడి డల్లెస్ ఎయిర్‌పోర్టుకి సొంత పోలీసులు, సొంత ఫైర్ సిబ్బంది. షెరీఫ్ అంటే సినిమాల్లో చూసిన గుర్రపు మనిషే గుర్తొచ్చేవాడు నాకు. ఫెయిర్‌ఫాక్స్‌లో షెరీఫ్‌ని నాలుగేళ్లకోసారి మన ఓట్లతో ఎన్నుకుంటారు. జైలు నడపడం, కోర్టుల్లో భద్రత, కోర్టు కాగితాలు అందించడం ఆ ఆఫీసు పని. వీధుల్లో గస్తీ తిరిగేది 1940లో మొదలైన కౌంటీ పోలీసు శాఖ, దాని చీఫ్‌ని నియమిస్తారు. అదే పక్కనున్న లౌడన్ కౌంటీలో, మనవాళ్లు ఇంతమంది ఉన్న ఆష్‌బర్న్‌లో, గస్తీ కూడా షెరీఫ్ డిప్యూటీలదే. హెర్న్‌డన్ నుంచి ఆష్‌బర్న్‌కి ఇల్లు మారితే మీ గుమ్మం ముందుకొచ్చే యూనిఫామే మారిపోతుంది.

ఇంత చిక్కు ఉన్నా ఆపదలో ఉన్నవాడికి ఇవేవీ తెలియాల్సిన పని లేదు. ముఖ్యంగా ఫైర్, అంబులెన్స్‌ల విషయంలో ఉత్తర వర్జీనియా కౌంటీలు హద్దులు చూడకూడదని ఎన్నో ఏళ్ల కిందటే ఒప్పందం చేసుకున్నాయి. ఏ బండి దగ్గరుంటే అది వెళ్తుంది. బండ్ల మీద నంబర్లు చూడండి, నాలుగు వందలతో మొదలైతే ఫెయిర్‌ఫాక్స్, ఆరు వందలైతే లౌడన్, వంద అయితే ఆర్లింగ్టన్. మా ఇంటికొచ్చింది 36వ స్టేషన్ ఇంజన్, అంటే 436. ఆ స్టేషన్ పేరు ఫ్రైయింగ్ పాన్. పక్కనే అదే పేరుతో కౌంటీ వాళ్ల పొలం పార్కు ఉంది, పిల్లలకి ఆవుల్ని చూపించడానికి మనమంతా వెళ్లేదే. అమ్మ దాన్ని పెనం స్టేషన్ అంటుంది.

పోలీసులతో ఒక సాయంత్రం బండిలో తిరగనిచ్చారు, షాంటిలీ దగ్గరి సల్లీ స్టేషన్ నుంచి. 2006 మే 8న ఆ స్టేషన్ కార్ల పార్కింగ్‌లోనే డిటెక్టివ్ విక్కీ ఆర్మెల్, ఆఫీసర్ మైఖేల్ గార్బరినోల మీద కాల్పులు జరిగాయి. ఆమె ఆ రోజే, ఆయన కొన్ని రోజులకి చనిపోయారు. నన్ను తిప్పిన ఆఫీసర్ ఆ పేర్లు చెప్పి ఒక నిమిషం మౌనంగా ఉండిపోయింది. ఆ తర్వాత మూడు గంటలు మేం చూసిన పని ఏమిటంటే, రోడ్డు మీద ఆగిపోయిన కారు వెనక లైట్లు వేసి నిలబడటం, ఇల్లు తప్పిపోయిన ఒక పెద్దాయన్ని కూతురికి అప్పగించడం, రెండిళ్ల మధ్య చప్పుడు గొడవ తీర్చడం. పోలీసులంటే నాలో ఉన్న భయం అంతా పోయిందని చెప్పను గానీ, ఆ పెద్దాయనతో ఆమె వంగి మాట్లాడిన తీరు మర్చిపోలేను.

ఫైర్ వాళ్ల దగ్గర ఎక్కువ రోజులు గడిపాను, వాళ్లంటే నాకు పక్షపాతం, ఒప్పుకుంటాను. ఇరవై నాలుగు గంటల డ్యూటీ. వండుకోవడం, తినడం, పడుకోవడం స్టేషన్‌లోనే. కాల్స్‌లో ఎక్కువ భాగం మంటలు కాదు, మా నాన్నలాంటివాళ్లే. వియన్నా, మెక్లీన్ లాంటి చోట్ల జీతం తీసుకునేవాళ్ల పక్కన వలంటీర్లు కూడా బండెక్కుతారు, పగలు ఎక్కడో ఉద్యోగం చేసుకునేవాళ్లే. లౌడన్‌లో 2024 ఫిబ్రవరి 16న స్టెర్లింగ్‌లో ఒక ఇంట్లో గ్యాస్ లీకై పేలినప్పుడు ప్రాణం వదిలిన ట్రెవర్ బ్రౌన్ అలాంటి వలంటీరే. ఈ కౌంటీ నుంచే దేశాలు దాటి వెళ్లే రక్షణ దళం ఒకటుంది, వర్జీనియా టాస్క్ ఫోర్స్ 1 అంటారు. 2015లో నేపాల్ భూకంపానికి, 2023లో తుర్కియే భూకంపానికి వీళ్లే వెళ్లారు. మా వీధిలో ఇంజన్ తోలే మనిషి కాఠ్మాండూ శిథిలాల్లో కుక్కతో వెతికే పనిలో ఉండొచ్చన్న మాట విన్నప్పుడు నాకు గొంతు పట్టేసింది.

గుండె ఆగితే ఛాతీ నొక్కడం బొమ్మ మీద నేర్పారు. రెండు అంగుళాల లోతు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు. రెండు నిమిషాలకే నా చేతులు లాగేశాయి. 911కి ఫోన్ చేస్తే ఆ లెక్క వాళ్లే పైకి చెప్తూ మనచేత నొక్కిస్తారు. రానివాళ్లు కూడా చేయగలరు. ఇళ్లలో మంటలకి మొదటి కారణం వంటేనట. పూరీలు, గారెలు వేయించేటప్పుడు మూకుడులో నూనె అంటుకుంటే నీళ్లు పోయకూడదు, స్టవ్ ఆపి మూత పెట్టేయాలి. నీళ్లు పోస్తే ఏమవుతుందో మైదానంలో చేసి చూపించారు. మనిషెత్తు మంట లేచింది. ఇంటికొచ్చి స్టవ్ పక్కన పెద్ద మూత ఒకటి ఎప్పుడూ అందేలా పెట్టాను.

బిల్లు సంగతి చెప్పకుండా ఉండకూడదు, ఆ భయమే మనల్ని ఆపుతుంది కాబట్టి. అంబులెన్స్‌లో ఆసుపత్రికి తీసుకెళ్తే కౌంటీ బిల్లు వేస్తుంది. కౌంటీలో ఉండేవాళ్లకి ఇన్సూరెన్స్ ఇచ్చింది పోను మిగతాది అడగరు, అది పన్నుల్లో కట్టినట్టే లెక్క. మా అమ్మానాన్నలు ఇక్కడి నివాసులు కారు గనుక మాకు బిల్లు వచ్చింది. ఆసుపత్రి బిల్లు దానికి ఎన్నో రెట్లు. మేం కొన్న విజిటర్ ఇన్సూరెన్స్ వాళ్లు పాత జబ్బేనంటూ నెలల తరబడి తిప్పించుకుని, చివరికి కొంత ఇచ్చారు. మిగతాది వాయిదాల్లో కట్టాం, ఈ మధ్యే అయిపోయింది. ఇన్సూరెన్స్ కొనేముందు, ఉన్న జబ్బు హఠాత్తుగా ముదిరితే ఇస్తారా, ఎన్నో ఏడు దాకా ఇస్తారు అన్న ముక్క చదవండి. కొన్ని ప్లాన్లలో 70 ఏళ్లు దాటితే అది ఉండదు. ఆ రోజు తలుపు దగ్గర మాత్రం ఎవరూ డబ్బు అడగలేదు, వీసా అడగలేదు, ఇన్సూరెన్స్ కార్డు కూడా ఆసుపత్రికి చేరాకే అడిగారు. పోలీసులు రానే లేదు.

నాన్న నడవగలిగాక మేం పెనం స్టేషన్‌కి వెళ్లాం. అమ్మ సున్నుండలు చేసింది. ఇంట్లో చేసినవి తీసుకుంటారో లేదోనని ముందే ఫోన్ చేసి అడిగాను. ఆ రోజు వచ్చినవాళ్లలో ఇద్దరే డ్యూటీలో ఉన్నారు. పూజ గూడు తగలకుండా దాటిన అబ్బాయిని అమ్మ చూడగానే గుర్తుపట్టి, “బాబూ” అని చెయ్యి పట్టుకుంది. అతను ఇంజన్ తలుపు తీసి నాన్నని ముందు సీట్లో కూర్చోబెట్టాడు. నాన్న అక్కడి నుంచి దిగడానికి చాలాసేపు ఒప్పుకోలేదు.

ఇప్పుడు మా ఫ్రిజ్ మీద ఒక కాగితం ఉంది. పెద్ద తెలుగు అక్షరాల్లో నాలుగు లైన్లు. తొమ్మిది ఒకటి ఒకటి. ఇంటి నంబరు, వీధి పేరు పలికినట్టే తెలుగులో. హెర్న్‌డన్, ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ. తెలుగు. సాయంత్రాలు నేను కాల్‌టేకర్‌నై అడిగితే అమ్మ కాగితం చూడకుండా చెప్పేది. మొదట్లో వీధి పేరు దగ్గర తడబడి నవ్వేసేది. వాళ్లు తిరిగి వెళ్లేముందు పార్కులో తనలాగే వచ్చిన అమ్మమ్మలకీ నానమ్మలకీ ఎవరి అడ్రస్ వాళ్లచేత అప్పజెప్పించింది. ముగ్గురికి రాలేదని ఆ రాత్రి వాళ్ల పిల్లలకి నాచేత ఫోన్ చేయించింది.

పోయిన వేసవిలో వాళ్లు మళ్లీ వచ్చారు. ఎయిర్‌పోర్టు నుంచి ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, వంటింట్లోకి వెళ్లి ఫ్రిజ్ ముందు నిలబడింది అమ్మ. “నంబరు మారలేదుగా?” అని అడిగి, కాగితానికి ఒక మూల లేచిపోయిన టేపుని బొటనవేలితో అదిమింది.